కారు రేడియోలో తాత రాయబారం!

అనంతపురం అనగానే మీకేం గుర్తొస్తుంది? గాల్లోకి లేచే సుమోలు, ఎర్ర దుమ్ము, తొడ కొట్టే హీరో... అంతే కదూ! మన సినిమా వాళ్ళ నిర్వాకం అది. నిజానికి 'మాయాబజార్' తీసిన కె.వి.రెడ్డి గారు పుట్టింది ఈ జిల్లా తాడిపత్రిలో. నాటకరంగాన్ని ఏలిన బళ్ళారి రాఘవ గారు పుట్టిందీ ఆ ఊళ్ళోనే. 1957లోనే రెడ్డి గారు ప్రియదర్శిని అని ఒక పెట్టె చూపించారు. మూత తెరిస్తే చాలు, ఎవరికి ప్రియమైనది వాళ్ళకి కనబడుతుంది. శశిరేఖ తెరిచింది, అభిమన్యుడు ప్రత్యక్షమయ్యాడు, పాటా అందుకున్నాడు. తీగ లేదు, ప్లగ్గు లేదు, పాస్‌వర్డు లేదు!

మొన్న వేసవిలో మా పెట్టె మాత్రం అంత సులువుగా పలకలేదు.

ప్రయాణం అనంతపురం నుంచి బెంగళూరుకి. రెండొందల కిలోమీటర్ల పైచిలుకు, 44వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్ళకి ఇప్పటికీ అది ఏడో నంబరు రోడ్డే. కారులో నేను, మా అవ్వ, అద్దెబండి డ్రైవరన్న. రాప్తాడు దాటి లోపలికి పోతే అవ్వ పల్లె. బోర్లు మూడు వేశారు, మూడూ ఎండాయి. ఒక ఏడు శనక్కాయ పండితే మూడేళ్ళు విత్తనాల అప్పు. ఇక చాలని, అవ్వని బెంగళూరులో మా చిన్నమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నాం. తిరిగి ఎప్పుడొస్తుందో ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు.

వాన సంగతి తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. ఇక్కడ ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల చుట్టూతా. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని, ఖాళీ చేతుల్తో ఇటొస్తాయి. ఈశాన్యం మబ్బులకేమో సముద్రం నుంచి ఇంత దూరం నడిచే ఓపిక ఉండదు. రెండు పెళ్ళిళ్ళకీ పిలుపు వచ్చి రెండు చోట్లా భోజనం దొరకని చుట్టం లాంటిది అనంతపురం!

బండి కదిలిందో లేదో అవ్వ అడిగింది: "అబ్బయ్యా, మీ తాత క్యాసెట్టు తెచ్చినావా?"

తెచ్చాను. అంటే క్యాసెట్టు కాదు. దాని టేపు ఎప్పుడో సాగిపోయింది. అది పూర్తిగా పాడవకముందే పాటంతా ఎక్కించి పెట్టుకున్న అగ్గిపెట్టెంత ప్లేయరు నా జేబులో ఉంది. 1985... రామారావు గారు హిందూపురం నుంచి శాసనసభకి నిలబడి గెలిచిన ఏడాది. ఆ ఏడు ఎండాకాలంలో మా పల్లె తిరునాళ్ళలో 'శ్రీకృష్ణ రాయబారం' ఆడారు. తిరుపతి వెంకట కవుల పద్యాలు, పెట్రోమాక్స్ దీపాలు, హార్మోనియం. కృష్ణుడు మా తాత! ఎవరో టేప్ రికార్డరు స్టేజీ అంచున పెట్టి తొంభై నిమిషాల క్యాసెట్టు నింపారు. తాత పోయాడు, ఇంట్లో టేప్ రికార్డరూ పోయింది. అవ్వ ఆ గొంతు విని పద్దెనిమిదేళ్ళు.

ఇయర్ ఫోన్లు పెట్టొచ్చు కదా అంటారా? అవ్వకి చెవి మిషన్ ఉంది. దాని మీద ఇవి కూర్చోవు. ఫోన్ స్పీకరు పెడితే హైవే గాలి హోరులో కృష్ణుడు దోమలా వినిపిస్తాడు. ఇక మిగిలింది కారు స్పీకర్లే.

అక్కడే వచ్చింది చిక్కు. అది కంపెనీలోనే డ్యాష్‌బోర్డులో కలిపి బిగించిన స్టీరియో. దానికి బ్లూటూత్ లేదు, తీగ గుచ్చే ఆక్స్ బెజ్జం లేదు, యు.ఎస్.బి. లేదు. సీడీ సందు ఉంది కానీ, పాత ఓనరు పెట్టిన సీడీ లోపలే ఇరుక్కుని బయటికి రానంటోంది. దాన్ని పీకి కొత్తది పెట్టిద్దామంటే, ఆ ఆకారంలో ఇంకేదీ అతకదు. "బ్యాటరీ తీసి పెడితే కోడ్ అడుగుతాది సార్, ఆ నంబరు ఎవురి దగ్గరుందో దేవునికే తెలుసు" అన్నాడు డ్రైవరన్న.

క్యాసెట్ డెక్కు ఉన్న ఇంకా పాత బండయినా నయమే. తీగ వేలాడే ఉత్తుత్తి క్యాసెట్టు ఒకటి దొరికేది, గుర్తుందా? దాన్లో టేపు ఉండదు. బుల్లి అయస్కాంతపు హెడ్డు ఉంటుంది. ప్లేయరు నుంచి వచ్చే సంగీతానికి అది స్పందిస్తుంటే, ఎదురుగా ఉన్న డెక్కు హెడ్డు టేపే తిరుగుతోందనుకుని పాడేస్తుంది. డూపుని పెట్టి ఫైటు తీసినట్టు! ఆక్స్ బెజ్జం ఉంటే ఆ గొడవే లేదు, రెండు కొసలా 3.5 మిల్లీమీటర్ల పిన్నున్న తీగ చాలు. ఒక్క మాట... ప్లేయర్ని అదే కారులో చార్జింగుకి పెట్టి, తీగా గుచ్చితే ఒక్కోసారి ఇంజను వేగంతో పాటు పెరిగే కూత మొదలవుతుంది. స్పీకర్లు పాడయ్యాయని మెకానిక్కు దగ్గరికి పరిగెత్తకండి. చార్జరు పీకి చూడండి, చాలాసార్లు అదే ఆగుతుంది.

మా బండికి ఇవేవీ లేవు. ఉన్నది రేడియో.

మరూరు టోల్ గేటు దగ్గర డ్రైవరన్న సీటు కింద వెతికి ఒక బుడిపె తీశాడు. సిగరెట్ లైటరు సందులో గుచ్చే ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరు. ప్లేయరు తీగ దానికి పెడితే, అదొక గుప్పెడంత రేడియో స్టేషనయి గాల్లోకి వదులుతుంది. కారు రేడియో దాన్ని అందుకుంటుంది. "బటన్ ఇరిగిపోయింది సార్, ఒగే నంబరు మీద పని జేస్తాది" అన్నాడు. రేడియోని ఆ నంబరుకి తిప్పాం. గరగర కూడా లేదు. ప్లేయరు సౌండు ముప్పాతిక వంతు పైకి పెట్టి, మిగతాది కారు నాబ్‌తో సర్దాం. ప్లేయర్ని మరీ తగ్గిస్తే బుస, మరీ పెంచితే గొంతు చీలడం.

హార్మోనియం శ్రుతి పట్టింది. తాత పద్యం ఎత్తుకున్నాడు.

అంత శుభ్రంగా ఎలా వచ్చిందనుకున్నారు? ఈ పీఠభూమి మీద ఆ నంబరు ఖాళీ కాబట్టి! పైరు లేని పొలంలా, బ్యాండు బీడుగా ఉంది. కరువు సీమలో మాకు తేరగా దొరికింది ఆ ఖాళీయే.

చెన్నేకొత్తపల్లి దాటాం. రామగిరి వైపు కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. అవ్వ బయటికి చూడటం లేదు. టేపులో దగ్గు వినిపిస్తే "అది కరణం" అంది. ఈల వినిపిస్తే "మా తమ్ముడు, పోయినాడు పాపం" అంది. "వన్స్ మోర్" అన్న గొంతుకి మాత్రం నవ్వి, పేరు చెప్పలేదు!

పెనుకొండ వచ్చింది. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు రాజధాని చేసుకున్న కొండ. దాని దగ్గర్లోనే ఎర్రమంచి వద్ద ఇప్పుడు కియా కార్ల ఫ్యాక్టరీ. 2017లో ఒప్పందం, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికి. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారయ్యే సత్తా ఉన్నది. 2022లో జిల్లాలు విడగొట్టాక ఈ చోటు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. కొత్త కార్లు మోసుకెళ్ళే పొడుగాటి ట్రక్కు ఒకటి మా ముందు పోతోంది.

"ఆ కార్లల్లో తాత పాడతాడా?" అంది అవ్వ.

"బ్లూటూతు అవ్వా! తీగ గూడా అక్కర్లేదు. టీవీ అంత తెర ఉంటాది" అన్నాడు డ్రైవరన్న.

"దానికి నీళ్ళు యాడివి?"

ఆ ఫ్యాక్టరీకి నీళ్ళు గొల్లపల్లి రిజర్వాయరు నుంచి. హంద్రీ-నీవా కాలువల్లో అంత దూరం నుంచి వచ్చిన కృష్ణ నీళ్ళు అవి. చెప్పాను. అవ్వ "ఊఁ" అని ఊరుకుంది.

సోమందేపల్లి, పాలసముద్రం... కొడికొండ దగ్గరపడుతోంది. ఇక్కడే నాకు గాభరా మొదలైంది. ముందున్నది బాగేపల్లి, చిక్కబళ్ళాపురం, ఆ పైన బెంగళూరు. దేశంలో మొట్టమొదటి ప్రైవేటు ఎఫ్.ఎం. స్టేషన్ 2001 జులైలో మొదలైంది ఆ ఊళ్ళోనే. ఇప్పుడక్కడ బ్యాండు నిండా స్టేషన్లే. ఎఫ్.ఎం. రిసీవరుకి ఒక గుణముంది. ఒకే నంబరు మీద రెండు వస్తే కలిపి వినిపించదు. గట్టిదాన్ని పట్టుకుని, బలహీనమైనదాన్ని నొక్కేస్తుంది. దీన్ని క్యాప్చర్ ఎఫెక్ట్ అంటారు. మల్టీస్టారర్ సినిమాలో చిన్న హీరో గతి అన్నమాట! మా బుడిపెకి నంబరు మార్చే బటనూ లేదాయె.

టేపు ఇంకా పదిహేను నిమిషాలుంది. అవ్వకి కావలసింది ఆ చివరే.

"అన్నా, బండి పక్కకి ఆపుతావా?" అన్నాను. చింతచెట్టు నీడలో ఆపాడు. ఇంజను తీసేసి, తాళం ఒక మెట్టు తిప్పి ఉంచాడు. అవ్వ కాళ్ళు సీటు పైకి పెట్టుకుని కూర్చుంది.

కౌరవ సభలో తాత గొంతు పైస్థాయికి పోతోంది. సగం పద్యంలో ఒక్కసారిగా గరగరమని చప్పుడు. అయిపోయింది, బెంగళూరు వచ్చి మీద పడిందనుకుని నాబ్ మీద చెయ్యి వేశాను.

"తియ్యకు, తియ్యకు! అది వాన!" అంది అవ్వ.

వానే. పందిరి మీద, రేకుల మీద. జనం అరుపులు, ఈలలు, పిల్లల కేకలు. హార్మోనియం ఆగిపోయింది. కృష్ణుడు పద్యం వదిలేసి, మైకులో మామూలు గొంతుతో టేపు తడవకుండా లోపల పెట్టమని కేకేస్తున్నాడు. నాటకం చెడిందని ఒక్కడూ విసుక్కోలేదు. గుళ్ళో గంట ఎవరో ఆగకుండా కొడుతున్నారు. టక్కుమని టేపు అయిపోయింది.

"ఆ రాత్రంతా కురిసింది. తెల్లారి కిరీటం రంగు కారి, మీ తాత మొగమంతా నీలం. అట్లనే మడక కట్టినాడు. ఆ ఏడు మూటలు బెట్టను ఇంట్లో చోటు లేకపాయె."

డ్రైవరన్న కిందికి దిగి మాకు నీళ్ళ సీసా తెచ్చిచ్చాడు. బండి తీశాడు. కర్ణాటక సరిహద్దు దాటి, బాగేపల్లి వెనక పడ్డాక రేడియోలో అదే నంబరు మీద ఎవరో అమ్మాయి కన్నడంలో గలగలా మాట్లాడటం మొదలుపెట్టింది, వెంటనే ఒక పాట.

"ఉండనీ నాయనా, పాపం పాడుకోనీ" అని అవ్వ చెవి మిషన్ తీసి కొంగున ముడేసుకుంది.