గుర్తులేని లెక్క

మూర్ఛంటే కిందపడి కొట్టుకోవడమనే మా వాడకు తెలుసు. మా అవ్వ ఎన్నడూ పడలేదు. నాటేస్తూ ఏస్తూ ఆగిపోయేది. కళ్లు ఎటో చూసేవి. ఏదో నములుతున్నట్టు నోరాడేది, చెయ్యి కొంగు పిసికేది. పిలిస్తే పలికేది కాదు. రెండు నిమిషాలకు తేరుకునేది. "కడుపులోంచి ఏదో పైకొచ్చింది బిడ్డా, కాలిన వాసనొచ్చింది" అనేది. ఆ తర్వాతది గుర్తుండేది కాదు. నాయిన తాను కుట్టిన చెప్పు వాసన చూపించేటోడు. చెప్పు మహిమే అనుకున్నం.

"మాదిగదాని యాసాలు" అని దొర గుమాస్తా సగం కూలి కోసేటోడు. ఎన్నిసార్లు ఆగిందో అవ్వకే తెల్వదాయె, ఎట్ల కొట్లాడుతది? గుమాస్తా రాసిందే లెక్క.

నేను హాస్టల్ల ఉండి చదువుకునేటప్పుడు అవ్వను పట్నం దవాఖానకు తీస్కపోయిన. తలకు తీగలు పెట్టి ఈఈజీ తీశారు. కణతల లోపలుండే మెదడు భాగం టెంపోరల్ లోబ్. వాసన, భయం, జ్ఞాపకం అన్నీ దానితో ముడిపడినవే. అక్కడ విద్యుత్తు అదుపు తప్పితే మనిషి పడకుండానే మూర్ఛ వస్తుందట, మామూలుగా దానంతటదే ఆగుతుందట. చెప్పుతో పనిలేదు. కార్బమజెపైన్ గోలీలు ఒక్కపూటా మానొద్దన్నాడు డాక్టరు. అవ్వకు తగ్గింది.

హిందూ వివాహ చట్టంలో 1976 సవరణ పిచ్చి పక్కనే మూర్ఛనూ చేర్చింది. మూర్ఛ ఉన్నవాళ్లు పెళ్లికి పనికిరారంది. 1999లో ఆ మాట తీసేశారు. చట్టంలో రాసింది కొట్టేశారు సరే, గుమాస్తా పుస్తకంలో రాసింది ఎవరు కొట్టేయాలె?