డోలక్‌తో నేటాలుకు

2019 ఆగస్టు 18, ఆదివారం. గిద్దలూరు

ఆరాధన అయ్యాక అయ్యగారు దక్షిణాఫ్రికా పోయేవాళ్ల పేర్లు చదివారు. పాడటానికి అక్క, కీబోర్డుకు తమ్ముడు, డోలక్‌కు నేను. అక్కడి తెలుగు బాప్తిస్టు సంఘాల దగ్గర పొద్దున ఏ పని చెబితే అది చెయ్యాలి, సాయంత్రం పాటలు.

జేజిది కంభం, అమెరికా బాప్తిస్టు మిషన్ వాళ్ల ఇంటి పిల్ల. తాత వాళ్లది గిద్దలూరు ఎస్పీజీ, ఇంగ్లండు మిషన్. తాత పోయినా ఆమె ఎత్తిపొడుపు పోలేదు: "మీరు నాలుగు చుక్కలు చల్లి సరిపెడతారు, మేం ముంచి లేపుతాం." మనవడు బాప్తిస్టుల దగ్గరికే పోతున్నాడని లోపల సంబరమే. పైకి మాత్రం, "ఈడ ఇనేటోళ్లు లేరా అబ్బయ్యా, అంత దూరం పోతాండావు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. టికెట్ల డబ్బు పెడితే కొండకింద పల్లెలో గుడి రేకులు మార్చొచ్చు. ఆ లెక్క నాకూ తెలుసు.

ఆగస్టు 27, మంగళవారం

జాన్ రంగయ్యగారి గురించి చదువుతున్నా. 1903లో ఆయన్ను దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపింది తెల్లదొరల సొసైటీ కాదు, తెలుగు బాప్తిస్టుల సొంత హోం మిషన్. 1860 మొదలు 1911 దాకా కూలి ఒప్పందాల మీద లక్షన్నర మందికి పైగా మనదేశం వాళ్లు అక్కడికి పోయారు. ఎక్కువమంది మద్రాసులో ఓడ ఎక్కినవాళ్లే. చెరకు తోటలు, తేయాకు తోటలు. కియర్స్‌నీలో హులెట్ దొర తేయాకు తోట కూలీల్లో తెలుగు విశ్వాసులుండేవాళ్లు. రంగయ్యగారు వచ్చిన ఏడే అక్కడ సంఘం కట్టారు. 1915లో చనిపోయేదాకా ఆయన పని నేటాలులోనే.

జేజికి చదివి వినిపిస్తే గుండ్లకమ్మ నది కథలోకి లాక్కుపోయింది. కరువులో బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం పని పట్టి జనానికి కూలి ఇప్పించడం, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఆ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. "మా కంభం చెరువులోకొచ్చే నీళ్లే అవి" అంటుంది, ఆ నీళ్లలో తనకు వాటా ఉన్నట్టు. గంజికి లేక కాలువ తవ్విన జనం పాతికేళ్లకే తమ మనిషిని సముద్రం దాటించారు. ఈ ముక్క ముందు మా టికెట్ల గొడవ కాస్త తేలికపడింది. పూర్తిగా పోలేదు. ఆయన బతుకంతా ఉండటానికి పోయాడు, మేం తిరుగు టికెట్ చేతిలో పెట్టుకుని పోతున్నాం.

సెప్టెంబరు 3, మంగళవారం

ప్రాక్టీసు కంటే పోట్లాటే ఎక్కువ. తమ్ముడికి కొత్త పాటలు కావాలి, కీబోర్డులో వయొలిన్లు మోగాలి. అక్క ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం వదలదు. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టిన మనిషి. ఆయన కీర్తనల పైన రాగం, తాళం అచ్చువేసే ఉంటాయి. నేను అక్క పక్షం. భక్తి కోసమని కాదు, వాటిలో డోలక్‌కు పని ఉంటుందని.

డోలక్ నట్లు వదులు చేసి పాత దుప్పట్లో చుట్టా. స్పానర్ పెద్ద పెట్టెలోకి పోవాలి, చేతి సంచిలో ఉంటే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారట.

సెప్టెంబరు 10, మంగళవారం. డర్బన్

సముద్రపు గాలికి తోలు తేమ పీల్చి డోలక్ గొంతు దిగిపోయింది. ఎంత బిగించినా గంటకే మళ్లీ మొదటికి. పొద్దుటి నుంచి సండేస్కూలు గదికి సున్నం గీకడం, రంగు వెయ్యడం. మధ్యాహ్నం బన్నీ చౌ పెట్టారు, రొట్టె తొలిచి అందులో కూర పోస్తారు. కారం మన కారమే.

సెప్టెంబరు 15, ఆదివారం. కియర్స్‌నీ వైపు

దారి పొడుగునా చెరకే. తేయాకు ఒక్క మొక్క కనబడలేదు.

నేర్పుదామని వచ్చాం కదా, ముందు వరసలో అవ్వలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న కాగితాలు తీసి కీర్తన ఎత్తుకున్నారు. చాలా నిదానం. అంత విళంబంలో ఆదితాళం నేనెప్పుడూ వాయించలేదు. తమ్ముడు లయ పెంచబోయాడు, ఎవరూ కదల్లేదు. వాడే దిగొచ్చాడు, తర్వాత నేనూ. దెబ్బకూ దెబ్బకూ మధ్య అంత చోటుంటే చెయ్యి ఊరుకోదు, ఏదో ఒకటి నింపమంటుంది. నింపకుండా ఉండటమే ఇవాళ్టి పని. నాలుగో చరణానికి కుదిరింది. ఇంటి దగ్గర ఈ వేగంతో వాయిస్తే అయ్యగారు గడియారం చూస్తారు.

ఆరాధన తర్వాత కుర్రవాళ్లు నా ఫోన్‌లో మా ఊరి క్రిస్మస్ చెక్కభజన చూశారు. అడుగులు నేర్పమని పట్టు. అడుగులు సరే, చెక్కలేవి? ఒక పెద్దాయన ఇంటి వెనక షెడ్డులో రంపం ఉందన్నాడు, పాత బల్ల కాళ్లు కోస్తే చేతికి రెండొస్తాయి. చెక్కల్లో మోగే గజ్జెలే చిక్కు. తమ్ముడు చర్చి వెనక చెత్తబుట్ట వెతికి కూల్‌డ్రింకు మూతలు దోసెడు తెచ్చాడు. సుత్తితో చదును చేసి, మధ్యన మేకు దిగ్గొట్టి, జంటలుగా వదులుగా ఉంచితే మోగుతాయా? పొద్దున్నే చూడాలి. సుత్తి ఆ పెద్దాయన దగ్గరే ఉంది.