పొద్దున్నే మొండికేసే బండి

మా సెకండ్‌హ్యాండ్ మోటర్‌హోమ్ 1996 మోడల్. డీజిల్ ఇంజను వెనక, ట్యాంకు ముందు, మధ్యలో పాతిక అడుగుల పైపు. కొన్న ఏడాదికే ఓ జబ్బు మొదలైంది: రాత్రి ఆపితే పొద్దున అరనిమిషం సెల్ఫ్ కొడితేగానీ లేవదు. లేచాక కాసేపు తెల్లపొగ, దగ్గు. ఆ తర్వాత రోజంతా బుద్ధిమంతుడే. గ్యారేజీవాడు ఇంజెక్షన్ పంపు పోయింది, 3000 డాలర్లవుతుంది అన్నాడు. రెండు వారాల్లో నాన్నగారి తిరుగు ప్రయాణం. ఈలోపు ఆయన్ని అందులో తిప్పాలని నా ఆరాటం. దాదాపు ఒప్పేసుకున్నా.

"పంపు పోతే మధ్యాహ్నం మాత్రం ఎట్లా నడుస్తుందిరా? గాలి పట్టింది," అన్నారు నాన్నగారు. ఇరవయ్యేళ్ళు పొలంలో ఆయిల్ ఇంజనుతో కుస్తీ పట్టిన మనిషి లెండి.

"కింద ఒక్క చుక్క కూడా కారట్లేదు కదా నాన్నా?"

"పీల్చే పైపుకి చిల్లు పడితే కారదురా, గాలి తాగుతుంది."

నిజమే. ట్యాంకు నుంచి లిఫ్ట్ పంపు దాకా పైపులో ఒత్తిడి బయటికంటే తక్కువ. ఇంజను ఆగాక ఆ సందులోంచి గాలి దూరి, డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. పదిహేనేళ్ళుగా కోడు డీబగ్ చేస్తున్నవాడికి ఈ ముక్క తట్టలేదు!

ఇక మనకి తెలిసిన బైనరీ సెర్చే. ట్యాంకు పైపులు ఊడదీసి, ఇంజనుకి క్యానులోంచి డీజిల్ ఇచ్చా. రిటర్న్ పైపు కూడా క్యానులోకే, లేకపోతే క్యాను ఇట్టే ఖాళీ అవుతుంది. నేను దాన్ని స్టూలు మీద పెట్టబోతే నాన్నగారు కసిరారు. ఎత్తులో ఉంటే డీజిల్ తనంతట తనే దిగుతుంది, లీకున్నా బయటపడదు. నేలమీదే పెట్టాం. పొద్దున టక్కున లేచింది. అంటే ఫిల్టర్లు, పంపులు అన్నీ నిర్దోషులు! మర్నాడు క్యాను బండి మధ్యకి జరిపాం, అప్పుడూ లేచింది. మిగిలింది ముందు సగం. అక్కడ పారదర్శకమైన గొట్టం ముక్క బిగించి చూస్తే బుడగల వరస.

దొంగ ట్యాంకు పైనున్న జానెడు రబ్బరు గొట్టం. ఎండి చెక్కయిపోయింది. క్లాంపు బిగిస్తే సరిపోతుందనుకుని నేను ఇంకాస్త పగలగొట్టా కూడా. (అమెరికాలో 2006 నుంచి డీజిల్‌లో గంధకాన్ని 500 పీపీఎం నుంచి 15కి తగ్గించారు. ఆ శుద్ధిలో ఆరోమాటిక్స్ కూడా తగ్గి పాత రబ్బరు సీళ్ళు కుంచించుకుపోయే గొడవ ఒకటుంది. మాది మాత్రం ఉత్త ముసలితనమే.) కొత్త గొట్టం 12 డాలర్లు.

ఆ శనివారం ఊరి బయట చెరువు దగ్గర, కావాలనే ముందుభాగం పల్లంలో ఉండేలా ఆపి పడుకున్నాం. ఇంజను ఎత్తులో, ట్యాంకు కింద. పొద్దున తాళం తిప్పా. రెండో చుట్టుకే అందుకుంది. నాన్నగారు దుప్పట్లోంచే, "కాఫీ పెట్టరా," అన్నారు.