మధ్యలో ఒక పెట్టె

మా కోటబొమ్మాళిలో నాకు తెలిసిన చాలా ఇళ్ళలో అటక మీద ఒక పాత మానిటరు ఉంది. సీపీయూ ఎప్పుడో మూలపడింది, కీబోర్డు మీటలు పిల్లలు ఊడబీకేశారు. మానిటరు మాత్రం బాగానే వెలుగుతుంది కాబట్టి ఎవరికీ పారేయబుద్ధి కాలేదు. అదే అటక మీద ఇంకో అట్టపెట్టెలో పాత వీడియో గేము కూడా ఉంటుంది. తొంభైల్లో ఆడినవాళ్ళకి సమురాయ్, లిటిల్ మాస్టర్ పేర్లు గుర్తుంటాయి. వాళ్ళ తర్వాతి వాళ్ళకి ప్లేస్టేషన్ 2. ఈ రెంటినీ కలిపి ఆడుకోవచ్చు, మధ్యలో ఒక చిన్న పెట్టె ఉంటే చాలు.

కొత్తమ్మతల్లి జాతర వస్తే ఊరంతా చుట్టాలతో నిండిపోతుంది. మా ఇంటికీ అక్కలూ బావలూ పిల్లలతో దిగుతారు. టీవీ ఒక్కటే. పెద్దవాళ్ళ సీరియల్ టైమయ్యేసరికి గుంటలు ఆట ఆపేయాల్సిందే. వాళ్ళ మొహాలు చూస్తే నాకు ప్రాణం ఒప్పేది కాదు. “మావయ్యా, ఆ కంప్యూటరు టీవీకి గేము పెట్టలేమేటి?” అని మేనల్లుడు అడిగాడు. చాలా సరైన ప్రశ్న. చూడ్డానికి రెండూ తెరలే కదా!

మానిటరు వెనక పదిహేను రంధ్రాల నీలం సాకెట్టు ఉంటుంది, గేముకేమో పసుపు, తెలుపు వైర్లు. అవి కుదరకపోవడం చిన్న సంగతే. అసలు తేడా వేగంలో ఉంది. పాత తెర మీద బొమ్మ గీత తర్వాత గీతగా పడుతుంది. మన దూరదర్శన్ వాడిన పాల్ పద్ధతిలో ఒక బొమ్మకి 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. అంటే సెకనుకి 15,625 గీతలు. జపాన్, అమెరికాల ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలోనూ లెక్క దాదాపు అంతే వస్తుంది. 1983లో నింటెండో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్ గానీ, దాన్ని చూసి చేసిన నకళ్ళు గానీ, ఆ తర్వాత వచ్చిన మొదటి రెండు ప్లేస్టేషన్లు గానీ ఇంటి టీవీని నమ్ముకుని పుట్టినవే. అందుకే ఆ వేగంతోనే గీతలు పంపుతాయి. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ పద్ధతిలో సెకనుకి సుమారు 31,500 గీతలు పడాలి. మామూలు మానిటరు అంతకంటే నెమ్మదిగా వచ్చేదాన్ని పట్టుకోలేదు. వైరు ఎలాగోలా అతికించినా నల్లతెరే మిగులుతుంది.

మాకు దగ్గర్లోని నౌపడ స్టేషను తెలిసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. అక్కడి నుంచి 1900లో మొదలైన పర్లాకిమిడి చిన్న రైలు రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నడిచేది. మద్రాసు–హౌరా లైనువి పెద్ద పట్టాలు. 2004లో ఆ చిన్న లైను మూసి పెద్ద పట్టాలు వేసే పని మొదలయ్యేదాకా ఈ బండి ఆ పట్టాలెక్కే వీలే లేదు. ఇందులో బస్తా దింపి అందులోకి ఎక్కించాల్సిందే. మన పెట్టె చేసే పని కూడా అదే. దింపి ఎక్కించడానికి కాస్త టైము పడుతుంది కదా, ఇక్కడ తకరారంతా ఆ టైములోనే ఉంది.

ఈ పెట్టెని కంపెనీవాళ్ళు అప్‌స్కాన్ కన్వర్టర్ అన్నా, మన కంప్యూటరు షాపుల్లో ట్యూనర్ బాక్స్ అనే అడిగేవాళ్ళం. మానిటరు మీద కేబుల్ టీవీ చూడ్డానికి వచ్చిన వస్తువది. దానికి పసుపు, తెలుపు వైర్లు పట్టే ‘ఏవీ’ సాకెట్లు కూడా ఉంటాయి కాబట్టి గేముకీ పనికొచ్చింది. లోపలికి వచ్చిన సిగ్నల్‌ని అంకెలుగా మార్చి, మెమరీలో నిలిపి, గీతలు పెంచి, మానిటరుకి కావాల్సిన వేగంతో మళ్ళీ బయటికి పంపుతుంది. నీలం సాకెట్టు బొమ్మనే మోస్తుంది, శబ్దాన్ని మొయ్యదు. శబ్దానికి విడిగా స్పీకర్లు పెట్టుకోవాలి. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే కంగారుపడక్కర్లేదు, మెనూలో పాల్, ఎన్‌టీఎస్‌సీ మార్చి చూడండి. పసుపు వైరులో వెలుగూ రంగూ కలిసిపోయి వస్తాయి కాబట్టి ఎర్రటి అంచులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. పెట్టెకి ఎస్-వీడియో ఉంటే ప్లేస్టేషన్‌ని దానితోనే కలపాలి, తేడా కళ్ళకి తెలుస్తుంది.

ఇక ఆలస్యం సంగతి. సెకనుకి అరవైసార్లు మారే ఆటలో ఒక్క బొమ్మ వెనకబడితే దాదాపు 17 మిల్లీసెకన్లు. మంచి పెట్టె అంతకు మించనివ్వదు. చవకరకం నాలుగైదు బొమ్మల దాకా నిలిపేస్తుంది. సీరియల్ చూసేవాళ్ళకి అది తెలియనే తెలియదు. ఆటలో మారియో గొయ్యి దాటాల్సిన చోట మాత్రం పిల్లాడికి వెంటనే తెలుస్తుంది. “నేను నొక్కినాక ఎప్పటికో గెంతుతున్నాడు మావయ్యా” అన్నాడు మావాడు. వాడి మాట అక్షరాలా నిజం. పిల్లాడు ఓడిపోతున్నాడంటే వాడికి ఆట రాదని అనేయడం అన్యాయం. బొమ్మ ఎంత నున్నగా ఉంటే నాకేం? పెట్టెకి మార్కులు వేయాల్సింది ఈ ఆలస్యాన్ని బట్టే.

డక్ హంట్ అనే బాతుల వేట ఆటకి వాడే తుపాకీ మాత్రం ఏ పెట్టెతోనూ పనిచేయదు. దాని పనితనం ఎంత అందమైనదంటే, మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, వెంటనే బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని కన్ను సరిగ్గా ఆ క్షణంలోనే ఆ వెలుగు కోసం చూస్తుంది. బొమ్మ పెట్టె మెమరీలో ఆగి వచ్చేసరికి కన్ను చూడటం అయిపోతుంది. గురి తప్పకపోయినా బాతు ఎగిరిపోతుంది. ఆ ఒక్క ఆటకి పాత గాజు టీవీని ఉంచుకోవడమే దారి.

ఇంత శ్రమ ఎందుకంటారా? ప్లేస్టేషన్ 2 తయారీ 2013లో ఆగిపోయింది. 2009లో ఆ యంత్రం కోసమే హైదరాబాదులోని ఆరోనా సంస్థ ‘హనుమాన్: బాయ్ వారియర్’ తయారుచేసింది. గేమ్‌శాస్త్ర అనే మరో హైదరాబాదు సంస్థ కబడ్డీ, గిల్లీదండ లాంటి మన ఆటలతో ‘దేశీ అడ్డా’ తెచ్చింది. ఇలాంటి గేము యంత్రాల కోసం మనవాళ్ళు చేసిన తొలి ఆటల్లో ఇవీ ఉన్నాయి. ఆ డిస్కులు ఆడాలంటే ఆ యంత్రం బతికుండాలి, దానికి ఒక తెర దొరకాలి. సినిమా రీళ్ళు పోయాయని బాధపడే మనం వీటి గురించి ఒక్కసారైనా తలుచుకోవడం లేదు. ఆ సంగతి నాకు చాలా కష్టంగా ఉంటుంది.

చాలా కొత్త మానిటర్లకి నీలం సాకెట్టు ఉండటం లేదు, హెచ్‌డీఎంఐ ఉంటోంది. వాటికి అరచేతిలో పట్టే తెల్ల డబ్బాలు దొరుకుతున్నాయి. కొనేముందు దాని మీద ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ అని ఉందో లేదో చూసుకోండి. తిరగేసి రాసి ఉంటే అది ఎదురు పని చేసేది, మనకి అక్కరకి రాదు. మామూలు ఫోన్ చార్జర్‌తో దానికి కరెంటు ఇవ్వొచ్చు. గాజు మానిటరు మూత మాత్రం విప్పకండి, పిల్లల్ని విప్పనివ్వకండి. స్విచ్ తీసేశాక కూడా లోపల వేల వోల్టుల కరెంటు నిలిచి ఉంటుంది.

పాత సామాన్లవాడు కేకేసినప్పుడు ఆ మానిటరు దింపి ఇచ్చేయకండి. ముందు వెనక్కి తిప్పి చూడండి. పదిహేను రంధ్రాల నీలం సాకెట్టు ఉంటే ఇంట్లో గుంటల్ని పిలిచి, వాళ్ళకిచ్చేయండి.