నిండితే చాలా, దాటాలా?

గోపన్‌పల్లిలో మేముండే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అంకుల్ కొడుకు తొమ్మిదో క్లాసు. ఆదివారాలు వాడికి లెక్కలు చెప్తుంటాను. పోయిన నెల ఒకరోజు పుస్తకంలో ≥ గుర్తు మీద వేలు పెట్టి, "ఇదేందక్కా?" అన్నాడు.

"గ్రేటర్ దాన్ ఆర్ ఈక్వల్ టు" అన్నాను ఠక్కున. వాడు నా మొహం చూశాడు. తెలుగులో చెప్దామంటే నాకు మాట రాలేదు. చిన్నప్పుడు మా టీచర్ చెప్పిన మొసలి ఒక్కటే గుర్తుంది: పెద్ద అంకె వైపే నోరు తెరుస్తుంది. కింద గీత ఎందుకో ఆ మొసలి చెప్పలేదు.

చివరికి ఓటు సంగతి ఎత్తాను. ఓటు వయసు 1989కి ముందు 21, ఇప్పుడు 18. వాడు కాసేపు ఆలోచించి, "అంటే అక్కా, పద్దెనిమిది నిండితే సాలా, దాటాల్నా?" అన్నాడు.

నేను వెతుకుతున్న మాటలు అవే! నిండితే చాలు అంటే ≥. దాటాలి అంటే >. అలాగే 'తగ్గకుండా' అంటే ≥, 'మించకుండా' అంటే ≤. కింద గీత పని మన మాటలు ఎప్పటినుంచో చేస్తున్నాయి.

"మరి ఫోన్‌లో ఎట్ల కొట్టాలె?" అన్నాడు. నా ఫోన్ కీబోర్డులో > మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే ≥ వచ్చింది. కంప్యూటర్‌లో వర్డ్ అయితే 2265 కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కాలి. కోడ్‌లో మాత్రం రెండు కీలు: >=. ఎందుకంటే 1963లో వచ్చిన ఆస్కీ పట్టికలో < > ఉన్నాయి గానీ, గీత ఉన్నవాటికి చోటు లేదు. నిజానికి < > గుర్తులు థామస్ హారియట్ పుస్తకంలో 1631లోనే అచ్చయ్యాయి, ఆయన పోయిన పదేళ్ళకి. కింద గీతలు 1734లో పియెర్ బూగే చేర్చాడు. అంత పాత గీత కూడా కీబోర్డు మీదకి రాలేదు.

క్రమం కూడా ముఖ్యమే. పైథాన్‌లో => అని తిప్పి కొడితే ఎర్రర్ వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో అయితే అది అసలు పోలికే కాదు, ఫంక్షన్ రాసే గుర్తు. ఎర్రర్ వస్తే ఒకరకంగా అదృష్టమే. >= బదులు > కొడితే ఏ ఎర్రరూ రాదు. ప్రోగ్రామ్ హాయిగా నడుస్తుంది, తప్పుగా.

అది అనుకోగానే నాకు గుండె జారింది. మొన్న ఒక పోటీకి షార్ట్‌లిస్ట్ తీసే స్క్రిప్ట్ రాసింది నేనే. రూల్ 'కనీసం 40 మార్కులు'. రాత్రి ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే, మార్కులు > 40 అని ఉంది. సరిగ్గా 40 వచ్చిన ఒక జూనియర్ లిస్టులో లేడు. పోటీ అప్పటికే అయిపోయింది.

మర్నాడు వెతికి పట్టుకుని సారీ చెప్పాను. "పర్లేదక్కా. 40 సరిపోదేమో అనుకున్నా" అన్నాడు. తిట్టినా బాగుండేది. తప్పు నా కోడ్‌ది అయితే, తక్కువైంది తనే అనుకున్నాడు.

ఇప్పుడు కోడ్‌లో పోలిక గుర్తు పెట్టే ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, పైకే అడుగుతున్నాను: నిండితే చాలా, దాటాలా? పక్క సిస్టమ్ వాళ్ళు వింతగా చూస్తారు. చూడనీ.