జొన్నగిరి వసారాలో స్పిట్‌ఫైర్

తొలకరి పడిందంటే జొన్నగిరి చేలల్లో జనమే జనం. తలలొంచుకుని వజ్రాల కోసం వెతుకుతుంటారు. మేం నలుగురం మాత్రం ఫ్రెండ్ వాళ్ల వసారాలో కూర్చుని యుద్ధ విమానం కడుతున్నాం. ప్లాస్టిక్‌దే లెండి! స్పిట్‌ఫైర్, 1/72 స్కేలు. అసలుదాని రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 11 మీటర్ల పైచిలుకు. మాది జానెడు కూడా లేదు.

పైన ఆకుపచ్చ, మట్టిరంగు పట్టీలు. ఆ మట్టిరంగు డబ్బా మీద 'డార్క్ ఎర్త్' అని ఉంటుంది. పెయింట్ ఆరేలోపు గాలి లేచిందా, రెక్క మీద నిజం మట్టే!

గొడవంతా గుర్తుల దగ్గరొచ్చింది. మేం ఎంచుకున్నది 1940లో బ్రిటన్ ఆకాశంలో జర్మన్లతో తలపడిన 152 స్క్వాడ్రన్. దాని పేరులోనే హైదరాబాద్ ఉంది. చిహ్నంలో నిజాం తలపాగా, నినాదం 'నమ్మకమైన మిత్రుడు'.

"1800లో మన సీమను ఇంగ్లీషోళ్లకు రాసిచ్చింది ఆ నిజాములే కదరా! ఆ గుర్తు నేనంటించను" అన్నాడొకడు.

"ఎగిరిన పిల్లోళ్లు ఏం చేశార్రా పాపం?" అన్నాడు ఇంకొకడు.

నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. ఈలోపు నీళ్లలో వేసిన 'యూఎం' అక్షరాలు కాగితాన్ని వదిలేశాయి. ఇంకా ఆగితే చిరిగిపోతాయి. వద్దన్నవాడే కుంచెతో తీసి, మాట్లాడకుండా తోక పక్కన అంటించాడు.

ఆ కంగారులో వేగం కొలిచే గొట్టం, బియ్యపు గింజంత ముక్క, కింద పడింది. నలుగురం నేల మీద పాకుతుంటే, చేను నుంచి వస్తున్న అవ్వ ఆగింది.

"ఏం నాయనా, వజ్రం ఇంట్లోనే పడిందా?"