వెలిసే ముందు మెరుపు
లక్షద్వీప్‌లో పగడాలు ఒక్కసారిగా తెల్లబడవు. ముందు పైభాగాన రంగు వెలుస్తుంది. కొన్నయితే ఊదా, నీలం రంగుల్లో మెరుస్తాయి. పర్యాటకుడు మురిసిపోతాడు. ఏళ్లుగా ఆ నీళ్లలో మునిగే డైవర్‌కు మాత్రం గుండె జారిపోతుంది. మామూలు వేసవి గరిష్ఠం కన్నా నీటి వేడి ఒక డిగ్రీ పెరిగి వారాల తరబడి తగ్గకపోతే, పగడం తనకు తిండి పెట్టే సూక్ష్మ శైవలాలను వెళ్లగొడుతుంది. ఆ తెలుపు చావు కాదు, ఆకలి. నీరు త్వరగా చల్లబడితే రంగు తిరిగొస్తుంది. 1998 తర్వాత కోలుకోవడానికి 12 ఏళ్లు దొరికాయి. 2010, 2016, 2024 దెబ్బల మధ్య ఆరు, ఎనిమిదేళ్లే. దీవుల జనం నిలబడింది పగడాలు పేర్చిన నేల మీదే. డైవర్ సముద్రాన్ని చల్లార్చలేడు. అతని మాట వింటే ఆ కొద్ది వారాలైనా లంగర్లను, మురుగును దూరంగా ఉంచవచ్చు.